62 తీగల్లో జుయ్‌మనేది ఏది? ఏడాది వాడాక హ్యామర్డ్ డల్సిమర్ రివ్యూ, అనంతపురం నుంచి

నమస్కారం అండీ. ముందు ఈ రెండు దెబ్బలు వినండి. ఇది ఒకటి... ఇది ఇంకొకటి. రెండోదాంట్లో స్వరం వెనకాలే ఈగ ముసిరినట్టు జుయ్‌మంటోంది కదా? ఈ చప్పుడు వల్లే దీన్ని తిరిగి పంపేద్దామని పెట్టె కూడా సర్దేశాను.

ఇది 16/15 హ్యామర్డ్ డల్సిమర్, చిన్న కర్రలతో తీగల మీద కొట్టి వాయించే వాద్యం. మన సంతూర్‌కి చుట్టం. బ్రిడ్జ్ అంటే తీగల్ని ఎత్తి పట్టే కట్టె. ట్రెబుల్ (పై స్వరాల) బ్రిడ్జ్ మీద 16 జతలు, బేస్ (కింది స్వరాల) బ్రిడ్జ్ మీద 15 జతలు, మొత్తం 62 తీగలు. ట్రెబుల్ బ్రిడ్జ్‌కి కుడివైపు కొడితే స, అదే తీగని ఎడమవైపు కొడితే ప. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. జుయ్‌మంటోందని అమ్మినవాళ్లకి చెబితే "ఈ వాద్యమే అంతండీ" అన్నారు. కాదండీ, అంతే కాదు.

ఎలా పట్టుకోవాలో చూడండి. ఒక చేత్తో తీగ కొడుతూనే, రెండో చేతి వేలిని మోగకూడని చోట్ల ఒక్కొక్కటిగా ఆనించండి. తీగని చుట్టి బిగించే పిన్ను దగ్గర మిగిలిన తీగ కొస, పక్క తీగలు, బ్రిడ్జ్ రంధ్రాలు... ఎక్కడ వేలు పెడితే ఈగ ఆగిపోతుందో దొంగ అక్కడే. కొస పక్క తీగకి తగులుతుంటే కత్తిరించేయండి, ఒక్క నిమిషం పని.

నాది మాత్రం అంత సులువుగా దొరకలేదు. కెమెరా దగ్గరికి తెస్తున్నాను, చూడండి. బేస్ తీగ తన బ్రిడ్జ్ మీదుగా వచ్చి, ట్రెబుల్ బ్రిడ్జ్‌లో ఉన్న ఈ రంధ్రంలోంచి అవతలికి వెళ్లాలి, అంచుకి తగలకుండా. ఎడమ చివర అది కూర్చోవాల్సిన గాడిలోంచి బియ్యపు గింజంత పక్కకి జరిగింది. అంతే, రంధ్రం అంచుకి ఒరుసుకుంటోంది. పిన్ను కొంచెం వదులు చేసి, క్రోషా సూదితో తీగ ఎత్తి గాడిలో కూర్చోబెట్టి, మళ్లీ శ్రుతి చేశాను. మూడు నెలల టెన్షన్ పది నిమిషాల్లో పోయింది.

రెండో రకం చప్పుడు జుయ్‌మనదు. దెబ్బ కొట్టి చెయ్యి తీసేశాక కూడా సన్నగా, గాజు మీద గీసినట్టు ఏదో మోగుతుంటుంది. అది అంచు బ్రిడ్జ్‌కీ పిన్నులకీ మధ్య మిగిలిన పొట్టి తీగ ముక్కలది. కర్ర వాటికి తగలదు, అయినా పక్కవాటి కంపనంతో అవీ పలుకుతాయి. మా పెదనాన్న ధర్మవరంలో మగ్గం నేసేవారు. ఆ ముక్కల మోత ఆపడానికి నేను ఫెల్ట్ (ఒత్తిన మెత్తటి గుడ్డ) రిబ్బన్ పట్టుకుని తంటాలు పడుతుంటే చూసి, "పడుగు కనిపిస్తోంది కదరా, పేక పొయ్యి" అన్నారు. ఫెల్ట్ రిబ్బన్‌ని ఒక తీగ పైనుంచి, తర్వాతి తీగ కిందనుంచి అలా చివరిదాకా నేసుకుంటూ పోవాలి. బ్రిడ్జ్‌కి ఆనకుండా, పిన్నుల వైపే ఉంచండి. లేకపోతే అసలు స్వరం కూడా మొద్దుబారుతుంది.

జతలో రెండు తీగలూ ఒకే శ్రుతిలో లేక వచ్చే ఊగుడుని జుయ్‌తో కలపకండి. ఒకదాన్ని వేలితో ఆపి రెండోదాన్ని వినండి. ఊగుడు ఆగితే శ్రుతి చేసుకుంటే చాలు.

ఇక మన ఊరి సంగతి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే ఊరు మనది. ఏప్రిల్, మే నెలల్లో చెక్క ఎండి ముడుచుకుంటుంది, శ్రుతి దిగిపోతుంది. మేలో నా వాద్యం బ్రిడ్జ్ మీది సన్నటి కడ్డీ వదులై టకటకలాడింది. పెట్టెలో చిల్లుల డబ్బా, అందులో తడిపి పిండిన స్పాంజి పెట్టాక నిలకడ వచ్చింది. కూలర్ గాలి మాత్రం సూటిగా తగలనివ్వకండి.

కొనొచ్చా అంటారా? నాదం చాలా బాగుంది, బేస్ గుండెల్లోకి దిగుతుంది. ఫినిషింగ్‌కి మాత్రం సగం మార్కులే. 62 తీగల శ్రుతికి నాకు ముప్పావు గంట పడుతుంది. ఆ ఓపిక ఉంటే నిశ్చింతగా తీసుకోండి.

ఇప్పుడు మొదట విన్న ఆ రెండో తీగే మళ్లీ కొడుతున్నాను. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.