హజ్ ఎవరి మీద ఫర్జ్ (తప్పనిసరి విధి) అవుతుంది?

[తెర మీద: కాబా చుట్టూ తవాఫ్ (ప్రదక్షిణ) చేస్తున్న జనం, పై నుంచి]

అందరికీ సలాం, నమస్కారం.

కలిమా (విశ్వాస ప్రకటన), నమాజ్, రోజా (ఉపవాసం), జకాత్ (విధిగా ఇచ్చే దానం), హజ్ (మక్కా యాత్ర). ఇస్లాంకు ఐదు మూలస్తంభాలు ఇవేనని మీరు వినే ఉంటారు. నమాజ్ రోజుకు ఐదుసార్లు, రంజాన్ ఉపవాసాలు ఏటా. హజ్ మాత్రం జీవితంలో ఒక్కసారే, అదీ అందరి మీదా కాదు. హజ్ గురించి చెప్పమంటే చాలామంది మక్కా నుంచి మొదలుపెడతారు. నన్నడిగితే, దాన్ని ఇంటి దగ్గర నుంచే చూడాలి.

[తెర మీద: ఖురాన్, ఆలి ఇమ్రాన్ సూరా (అధ్యాయం), 97వ ఆయత్ (వాక్యం)]

ఆ గృహానికి, అంటే మక్కాలోని కాబాకు, చేరుకునే స్తోమత ఉన్నవాళ్లు హజ్ చేయడం అల్లాహ్ పట్ల వాళ్ల విధి అని ఈ ఆయత్ చెబుతోంది. స్తోమత అనే షరతు ఎవరో తర్వాత చేర్చింది కాదు, ఆజ్ఞతో పాటే వచ్చింది.

స్తోమత అంటే టికెట్ డబ్బులు ఒక్కటే అనుకోవద్దు. మనిషి తిరిగి వచ్చేదాకా ఇంట్లో వాళ్ల తిండికీ, అవసరాలకూ లోటు ఉండకూడదు. ప్రయాణానికి తగిన ఆరోగ్యం ఉండాలి, దారిలో ప్రాణభయం ఉండకూడదు. ఇక అప్పు. ఒకాయన దగ్గర హజ్‌కి సరిపడా డబ్బుంది, కానీ అంతే మొత్తం అప్పు గడువు దాటి ఉంది. అప్పుడు ముందు తీర్చాల్సింది అప్పే. అప్పిచ్చినాయన "వెళ్లి రా, తర్వాత ఇద్దువుగాని" అంటే వెళ్లొచ్చు. దేవుడి పేరు చెప్పి సాటి మనిషి సొమ్ము ఆపే వీలు లేదు. హజ్ నియమాల్లో నాకు చాలా ఇష్టమైన విషయం ఇది.

ఒక్కసారే ఎందుకు? హజ్ విధి అయిందని ప్రవక్త ముహమ్మద్ గారు ప్రకటించినప్పుడు ఒకాయన "ప్రతి ఏడాదా?" అని అడిగారు. ప్రవక్త మౌనంగా ఉన్నారు. అడిగినాయన మూడుసార్లు అదే అడిగారు. చివరికి ప్రవక్త, తాను అవునంటే అది విధి అయిపోయేదనీ, అది మీవల్ల అయ్యేది కాదనీ చెప్పారని హదీసులో (ప్రవక్త మాటలు, చేతల ఉల్లేఖనంలో) ఉంది. మదీనాకు వలస వెళ్లాక ఆయన కూడా చేసింది ఒకే ఒక్క హజ్, 632లో.

[తెర మీద: మక్కా, మినా, అరఫాత్, ముజ్దలిఫా మ్యాప్]

హజ్ రోజులు ఇస్లామీ క్యాలెండర్‌లో చివరిదైన జిల్‌హజ్జ్ నెల 8 నుంచి 12 లేదా 13 దాకా. చాంద్రమాన సంవత్సరం దాదాపు 11 రోజులు చిన్నది కాబట్టి ఈ తేదీలు ఏటా ముందుకు జరుగుతూ, సుమారు 33 ఏళ్లలో అన్ని కాలాలనూ చుట్టి వస్తాయి.

మక్కాలో అడుగుపెట్టే ముందే ఇహ్రామ్ (దీక్షా వస్త్రం) ధరించాలి. మగవాళ్లకు కుట్టు లేని రెండు గుడ్డలు, ఆడవాళ్లకు ఒళ్లు కప్పే మామూలు బట్టలు. ఇక అత్తరు పూసుకోకూడదు, గోళ్లు తీయకూడదు, వేటాడకూడదు, గొడవపడకూడదు. కాబా చుట్టూ ఏడుసార్లు తవాఫ్. తర్వాత సఫా, మర్వా గుట్టల మధ్య ఏడుసార్లు నడవడం, అదే సయీ.

[తెర మీద: సయీ నడవాలో ఆకుపచ్చ లైట్లు]

ఈ లైట్లు చూడండి. ప్రవక్త ఇబ్రాహీం కొడుకు, పసిబిడ్డ ఇస్మాయిల్‌కు దాహమైతే, తల్లి హాజరా నీళ్ల కోసం ఈ రెండు గుట్టల మధ్య తిరిగారు. లోయలోకి దిగిన చోట ఆవిడ పరుగెత్తారు. ఇప్పుడక్కడ లోయ లేదు, నున్నటి పాలరాతి నేల. అయినా ఆకుపచ్చ లైట్లు ఉన్నంత మేరా మగవాళ్లు వేగంగా నడుస్తారు, కొందరు పరుగెడతారు. ఒక తల్లి పడిన ఆరాటం లక్షలాది మందికి ఆరాధన అయింది. ఎన్నిసార్లు తలుచుకున్నా నా మనసు కదిలిపోతుంది.

9వ తేదీ అరఫాత్ మైదానం. మధ్యాహ్నం నుంచి సూర్యాస్తమయం దాకా అక్కడ ఉండి దువా (వేడుకోలు) చేసుకోవాలి. చూడ్డానికి అంతే, కానీ హజ్ అంటే అరఫానే అని హదీసు. ఇతర విధుల్లో కొన్ని తప్పితే ఖుర్బానీతో (జంతుబలితో) సరిదిద్దుకోవచ్చు. అరఫాత్‌కు 10వ తేదీ తెల్లవారుజాముకైనా చేరుకోలేకపోతే ఆ ఏటి హజ్ పోయినట్టే. ఆ తర్వాత ముజ్దలిఫాలో రాత్రి, మినాలో సైతాన్‌కు గుర్తుగా ఉన్న స్తంభాల మీద రాళ్లు విసరడం, ఖుర్బానీ, జుట్టు తీయించుకోవడం, మళ్లీ తవాఫ్.

[తెర మీద: ప్రశ్నలు]

డబ్బుంది, మంచం దిగలేని వృద్ధుడు. మరెలా? అలాంటి తండ్రి తరఫున తాను చేయొచ్చా అని ఒకావిడ ప్రవక్తను అడిగితే, చేయొచ్చన్నారు. దీన్నే బదల్ హజ్ అంటారు. చిన్నపిల్లలు చేస్తే పుణ్యం ఉంటుంది, కానీ పెద్దయ్యాక స్తోమత వస్తే మళ్లీ చేయాలి. ఉమ్రాలు (హజ్ రోజులతో పనిలేని చిన్న మక్కా యాత్రలు) ఎన్ని చేసినా హజ్ విధి తీరదు.

స్తోమత ఉండీ వాయిదా వేయొచ్చా? కూడదని ఎక్కువమంది ఫకీహ్‌ల (ధర్మశాస్త్ర పండితుల) మాట, షాఫయీ అనే ధర్మశాస్త్ర సంప్రదాయం పండితులు మాత్రం వీలుంది అంటారు. అలా వాయిదా వేస్తూ చనిపోతే, ఆస్తి పంచేలోపు హజ్ ఖర్చు తీయాలని షాఫయీలు, మరో సంప్రదాయమైన హంబలీలు అంటారు. వీలునామాలో రాస్తేనే, అదీ ఆస్తిలో మూడో వంతులోంచే అని ఇంకో సంప్రదాయమైన హనఫీల మాట. స్తోమతే రాకుండా పోయినవాళ్ల మీద ఏ బాకీ లేదు.