క్లాసులో లీడర్ ఒక్కడేనా? పని అందరికీ పంచి చూడండి

హాయ్, అందరికీ నమస్తే. కొత్తగా పోస్టింగ్ వచ్చిన టీచర్ల కోసం ఈ వీడియో, ప్రైవేట్ స్కూల్లో చేరినవాళ్ళకి కూడా పనికొస్తది. క్లాసులో నలభై మంది, హెడ్మాస్టర్ గారు పిలిచారని ఐదు నిమిషాలు బయటికెళ్తే చాలు ఇక లోపల గోలే గోల. అందుకే మనలో చాలామంది లీడర్ని లేపి "మాట్లాడినోళ్ళ పేర్లు బోర్డు మీద రాయి" అని చెప్పి పోతాం.

(స్క్రీన్ మీద: బోర్డు నిండా పేర్లు, పక్కన ఇంటూ మార్కులు)

పిల్లలకి బాధ్యత నేర్పుతున్నాం అనుకుంటాం గానీ అక్కడ జరిగేది వేరే అండి. లీడరు తన దోస్తు పేరు రాయడు, పడనోడి పేరు పక్కన ఇంటూ మీద ఇంటూ పెడతాడు, మిగతా అందరికీ దొరక్కుండా మాట్లాడటమే పని. క్లాసు నడవడంలో వాళ్ళ చెయ్యి ఎక్కడా లేదు.

మరి ఏం చెయ్యాలి? ప్రతి పిల్లకీ ఒక పని ఇవ్వండి, ఆ రోజు ఆ పిల్ల రాకపోతే పక్కోళ్ళకి ఇబ్బంది తెలియాలి, అలాంటి పని. తేదీ రాయడం, నోట్‌బుక్స్ పంచడం, ఫ్యాన్లు లైట్లు ఆపడం, ఇవి అందరికీ తెలిసినవే. నాకు బాగా నచ్చిన పని ఇంకోటి ఉంది, నిన్న రానోళ్ళకి అయిపోయిన పాఠం చెప్పే పని. మన హైదరాబాద్‌లో దసరాకీ సంక్రాంతికీ ఊరికి పోయిన పిల్లలు సెలవులు అయిపోయినా వెంటనే రారు, బీహార్ నుంచో ఒడిశా నుంచో పనికొచ్చిన కుటుంబాల పిల్లలైతే ఇంకా ఆలస్యం, వచ్చాక ఏ పేజీలో ఉన్నామో తెలీక బిక్కమొహం వేస్కొని కూర్చుంటారు. అప్పుడు ఒక పిల్ల వచ్చి పక్కన కూర్చొని "ఇదిగో ఇక్కడిదాకా అయింది, ఈ లెక్క సార్ ఇలా చేశారు" అని చెప్తే ఆ ఇద్దరికీ క్లాసు తమది అనిపిస్తది. పనులు వారం వారం మార్చండి. ఊడ్చే పని ఎప్పుడూ ఆడపిల్లలకే పోతోందా, బరువులు మోసే పని ఎప్పుడూ అదే ఇద్దరు ముగ్గురికే పోతోందా అని తప్పకుండా చూస్కోండి, ఈ విషయంలో నేను గట్టిగానే చెప్తా, అలా జరిగితే మీరు పంచింది బాధ్యత కాదు వివక్ష.

ఇప్పుడు పాఠంలోనే బాధ్యత పంచడం. 1971లో అమెరికాలో ఆస్టిన్ అనే ఊళ్ళో, తెల్ల నల్ల పిల్లలు కొత్తగా ఒకే స్కూళ్ళలోకి వచ్చి గొడవలు అవుతుంటే, ఎలియట్ అరాన్సన్ అనే సైకాలజీ ప్రొఫెసర్ జిగ్సా పద్ధతి తెచ్చాడు. పాఠాన్ని ముక్కలు చేసి గ్రూపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు, మిగతా ముక్కలు కావాలంటే పక్కోడు చెప్తే వినాల్సిందే.

(స్క్రీన్ మీద: నాలుగు చీటీలు)

మన మూసీ వరదల పాఠమే తీస్కోండి. మొదటి చీటీ 1908 సెప్టెంబర్‌లో వరద ఎలా వచ్చింది, రెండోది అఫ్జల్‌గంజ్‌లో జనం ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చింతచెట్టు, మూడోది తర్వాత ఇంజనీర్ విశ్వేశ్వరయ్యని పిలిపిస్తే ఆయన ఇచ్చిన సలహా, నాలుగోది 1920లో పూర్తయిన గండిపేట చెరువు, 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్ చెరువు. ముందు అన్ని గ్రూపుల్లోంచి ఒకే రకం చీటీ వచ్చినవాళ్ళంతా ఒకచోట చేరి మాట్లాడుకోవాలి, ఈ స్టెప్ మాత్రం వదలొద్దు, చదవడం సరిగ్గా రాని పిల్లకి ధైర్యం వచ్చేది ఇక్కడే. తర్వాత ఎవరి గ్రూపుకి వాళ్ళు పోయి చెప్పాలి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లాడు తెలుగులో తడబడుతుంటే గ్రూపే అందిస్తది, ఎందుకంటే వాడి ముక్క వాళ్ళకి కావాలి.

మరి బహుమతులు? 1973లో చిన్నపిల్లల మీద ఒక ప్రయోగం చేశారు, స్కెచ్ పెన్నులతో బొమ్మలేస్తే సర్టిఫికెట్ ఇస్తామని కొంతమందికి ముందే చెప్పారు, ఆ పిల్లలు తర్వాత ఖాళీ టైంలో ఆ పెన్నుల జోలికి తక్కువ పోయారు. అందుకని ఇష్టంగా చేస్తున్న పనికి చాక్లెట్ ఆశ పెట్టకండి, "నువ్వు చెప్పడం వల్ల వాడికి భిన్నాలు అర్థమైనయి" అని పేరు పెట్టి చెప్పండి.

ఒకడు అల్లరి చేస్తే రో మొత్తాన్ని నిలబెట్టడం మాత్రం మానేయండి. పిల్లలంతా వాడి మీద పగబడతారు. బెంచీ ఎక్కించడాలు, గోడకుర్చీలు అసలే వద్దు, విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది.

"నేను చెయ్యను సార్" అనేవాడు ఒకడుంటాడు. అందరి ముందు అడక్కండి, ఇంటర్వెల్‌లో పక్కకి పిలిచి "ఈ రెండు పనుల్లో ఏది తీస్కుంటావ్" అనడగండి. మొదటి వారం గోల పెరుగుద్ది, కుర్చీలు జరిపే శబ్దం, నాది ముందు నాది ముందు అని. అప్పుడు కంగారుపడి మళ్ళీ లీడర్ చేతికి చాక్‌పీస్ ఇవ్వకండి. మీ క్లాసులో ఏ పని ఎవరికిచ్చారో కింద కామెంట్‌లో రాయండి, పిల్లల పేర్లు మాత్రం రాయొద్దు.