ఆన్‌లైన్‌లో ఎడ్యుకేషనల్ టెక్నాలజీ మాస్టర్స్: దరఖాస్తు నుంచి పట్టా దాకా

[తెర మీద: ఒక పాఠం స్టోరీబోర్డు, అంటే తెర మీద ఏది ఎప్పుడు రావాలో గడుల్లో వేసుకున్న ప్రణాళిక. ఒక్కో గడి పక్కన చేత్తో రాసిన మాట: "ఎందుకు?"]

నమస్కారం. ఎడ్యుకేషనల్ టెక్నాలజీలో ఆన్‌లైన్ మాస్టర్స్ చేయాలనుకుంటున్న వాళ్ల కోసం ఈ వీడియో.

ఎడ్‌టెక్ అనగానే ముందు సాఫ్ట్‌వేరే గుర్తొస్తుంది. వీడియో ఎడిటింగ్, క్విజ్ యాప్‌లు, ఏఐ టూల్స్ నేర్పుతారని చాలామంది చేరతారు. తీరా చేరాక చేతికొచ్చేవి పరిశోధన వ్యాసాలు, డిజైన్ డాక్యుమెంట్లు. అక్కడే ఉత్సాహం నీరుగారిపోతుంది. ఒక టూల్ నేర్చుకోవడానికి కొన్ని వారాలు చాలు, అది పాతబడటానికి కొన్నేళ్లు చాలు. ఈ చదువు ఇచ్చే పనితనం వేరు. ఈ పాఠాన్ని ఇలాగే ఎందుకు తయారుచేశారని ఎవరైనా అడిగితే, ఆధారం చూపించి జవాబు చెప్పగలగడం. కోర్సు ఎంచుకునేటప్పుడూ, అసైన్‌మెంట్లు రాసేటప్పుడూ ఇదే కొలబద్దగా పెట్టుకోండి.

[తెర మీద: ఒకే చదువుకు నాలుగు పేర్లు ఒకదాని కింద ఒకటి]

ముందు పేర్ల సంగతి. ఎడ్యుకేషనల్ టెక్నాలజీ, ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్, లెర్నింగ్ డిజైన్ అండ్ టెక్నాలజీ, డిజిటల్ ఎడ్యుకేషన్. ఎడింబరా విశ్వవిద్యాలయం ఇచ్చేది ఎమ్మెస్సీ ఇన్ డిజిటల్ ఎడ్యుకేషన్. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం ఇచ్చేది మాస్టర్ ఆఫ్ ఎడ్యుకేషనల్ టెక్నాలజీ. పేరును బట్టి లోపల ఏముందో చెప్పలేం. ఒకటి బడి టీచర్ల కోసం తయారై ఉంటుంది, ఇంకొకటి కంపెనీల్లో శిక్షణ తయారుచేసే వాళ్ల కోసం, మరొకటి పరిశోధన వైపు వెళ్లే వాళ్ల కోసం.

తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. మీరు చేయాలనుకునే ఉద్యోగాల ప్రకటనలు 20 తీసుకోండి. వాటిలో పదేపదే వచ్చే పనులు ఒక కాగితం మీద రాసుకోండి: స్టోరీబోర్డు రాయడం, ఎల్ఎంఎస్ (పాఠాలు, పరీక్షలు, మార్కులు నడిపే ఆన్‌లైన్ వేదిక) నిర్వహణ, టీచర్లకు శిక్షణ, డేటా విశ్లేషణ. ఇప్పుడు విశ్వవిద్యాలయం ఇచ్చిన కోర్సుల జాబితా పక్కన పెట్టి చూడండి. కాగితం మీదున్న పనుల్లో సగం కూడా జాబితాలో కనిపించకపోతే, ఆ పట్టా ఎంత పేరున్నదైనా మీ దారిది కాదు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఈ మాస్టర్స్ ఉన్నంత మాత్రాన బడిలో బోధించే లైసెన్స్ రాదు. కొన్ని చోట్ల లైసెన్స్‌తో కలిపి ఇచ్చే ప్రోగ్రాములు ఉన్నాయి, చాలావాటిలో ఉండదు. ఆన్‌లైన్ పట్టాకు, అందులోనూ వేరే దేశపు ఆన్‌లైన్ పట్టాకు, మీరు ఉద్యోగం చేయబోయే చోట గుర్తింపు ఉందో లేదో కూడా ఫీజు కట్టకముందే తెలుసుకోవాలి. అడగాల్సింది అడ్మిషన్ ఆఫీసును కాదు. ఆ దేశపు ఉన్నత విద్యా నియంత్రణ సంస్థ దగ్గర చూసుకోండి, మీకు ఉద్యోగమిచ్చే వాళ్లను అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

[తెర మీద: గడియారం, పక్కన కూడికలు, భాగహారాలు]

ఇప్పుడు గంటల లెక్క. మధ్యలో మానేసే వాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే, కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం.

ఉత్తర అమెరికా పద్ధతిలో ఇలాంటి మాస్టర్స్ సాధారణంగా 30 నుంచి 36 క్రెడిట్లు. ఒక్కో కోర్సు 3 క్రెడిట్లు, అంటే 10 నుంచి 12 కోర్సులు. అమెరికా లెక్క ప్రకారం 15 వారాల సెమిస్టర్‌లో ఒక్కో క్రెడిట్‌కు వారానికి ఒక గంట బోధన, రెండు గంటల సొంత చదువు. 3 క్రెడిట్ల కోర్సుకు వారానికి 9 గంటలు, మొత్తం 135 గంటలు. బ్రిటన్‌లో మాస్టర్స్ అంటే 180 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 10 గంటల చొప్పున 1,800 గంటలు. యూరప్ క్రెడిట్ ఒక్కోటి 25 నుంచి 30 గంటలు.

చిక్కు ఎక్కడంటే, ఆన్‌లైన్ ప్రోగ్రాముల్లో చాలావాటికి 8 వారాల చిన్న టర్మ్ ఉంటుంది. కోర్సు అదే, 135 గంటలూ అవే. వాటిని 8తో భాగిస్తే వారానికి దాదాపు 17 గంటలు. త్వరగా ముగించేద్దామని రెండు కోర్సులు తీసుకుంటే 34. ఉద్యోగం చేస్తూ వారానికి 34 గంటలు ఎవరికైనా కష్టమే. మొదటి టర్మ్‌లో ఒక్క కోర్సే తీసుకోండి. మీ వేగం మీకు తెలిశాక పెంచుకోవచ్చు.

మీకు నచ్చిన ప్రోగ్రాం వాళ్లకు ఈమెయిల్ రాసి కొన్ని విషయాలు అడగండి. ఒక కోర్సు సిలబస్ పూర్తిగా పంపగలరా? లైవ్ క్లాసులు తప్పనిసరా, ఏ టైమ్ జోన్‌లో? కొన్ని దేశాల్లో ఏడాదికి రెండుసార్లు గడియారం గంట మారుస్తారు, మీ దగ్గర మార్చకపోతే సాయంత్రం క్లాసు వేరే గంటకు జరుగుతుంది. ట్యూషన్ ఫీజు కాకుండా టెక్నాలజీ ఫీజు, గ్రాడ్యుయేషన్ ఫీజు లాంటివి ఉన్నాయా? ఎన్నేళ్లలోగా పూర్తిచేయాలి? మధ్యలో విరామం తీసుకుంటే ఫీజు నడుస్తుందా? సిలబస్ చూపించడానికి వెనకాడే ప్రోగ్రాం గురించి మేమైతే రెండోసారి ఆలోచిస్తాం.

[తెర మీద: దరఖాస్తు వ్యాసం మొదటి పేరా, కొట్టివేతలతో]

దరఖాస్తు వ్యాసంలో "నాకు టెక్నాలజీ అంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం" అని మొదలుపెట్టకండి. మీరు కళ్లారా చూసిన ఒక నేర్చుకునే సమస్య రాయండి. ఎవరికి ఏది అంతుపట్టలేదు, మీరేం ప్రయత్నించారు, అది ఎక్కడ పనిచేయలేదు, దాని గురించి ఇంకా ఏం తెలుసుకోవాలి. సిఫార్సు లేఖలు గడువుకు ఆరు వారాల ముందే అడిగి, ఈ వ్యాసం కూడా వాళ్లకు పంపండి. లేఖలో ఏం రాయాలో వాళ్లకు తోస్తుంది.

[తెర మీద: సరుకులు మోసుకెళ్తున్న లారీ]

ఇక చదువులోకి వద్దాం. ఈ రంగంలో ఒక పాత వాదన ఉంది. 1983లో రిచర్డ్ క్లార్క్ అనే పరిశోధకుడు, మాధ్యమం (పాఠాన్ని అందించే పుస్తకం, వీడియో, కంప్యూటర్ లాంటిది) దానంతటది నేర్చుకోవడాన్ని ప్రభావితం చేయదన్నాడు. సరుకులు తెచ్చిన లారీ వల్ల ఆ తిండిలోని పోషకాలు ఎలా మారవో, ఇదీ అంతేనని ఆయన పోలిక. 1994లో రాబర్ట్ కోజ్మా అనే మరో పరిశోధకుడు దీన్ని ఖండిస్తూ, ప్రశ్నే మార్చాలన్నాడు: ఒక మాధ్యమానికున్న ప్రత్యేక శక్తిని ఏ సందర్భంలో ఎలా వాడుకుంటే నేర్చుకోవడానికి తోడ్పడుతుంది?

ఈ వాదన ఇంకా ఎందుకు చదివిస్తారంటే, కొత్తగా వచ్చిన వాళ్లు రాసే ప్రాజెక్టు ప్రతిపాదనల్లో చాలావరకు "పుస్తకం కన్నా వీడియో మెరుగా?" అనే తరహాలోనే ఉంటాయి. వీడియో చూసిన వాళ్లకు ఉదాహరణలు ఎక్కువ చూపించి, పుస్తకం చదివిన వాళ్లకు తక్కువ ఇస్తే, వచ్చిన తేడా వీడియో వల్లా, ఉదాహరణల వల్లా? చెప్పలేం. గైడ్ ఆ ప్రతిపాదన తిప్పి పంపేది అందుకే. అడగాల్సిన ప్రశ్న ఇలా ఉండాలి: ఒకే వీడియోను ఏకబిగిన చూపిస్తే ఏమవుతుంది, ముక్కలు చేసి మధ్యమధ్యలో ఆపి ప్రశ్నలడిగితే ఏమవుతుంది?

ఇంకో ఉదాహరణ. విద్యా మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ పరిశోధనల్లో ఒక సూత్రం ఉంది. బొమ్మ చూపిస్తూ మాటతో వివరిస్తున్నప్పుడు, అవే మాటలు తెర మీద కూడా రాస్తే నేర్చుకోవడం సాధారణంగా తగ్గుతుంది. కంటికి బొమ్మా, అక్షరాలూ రెండూ చూడాల్సి వస్తుంది కాబట్టి. మరోవైపు వినికిడి లోపం ఉన్నవాళ్లకు క్యాప్షన్లు తప్పనిసరి. పరాయి భాషలో వింటున్న వాళ్లకూ అవి ఆసరా. మరి క్యాప్షన్లు పెట్టాలా, వద్దా? పెట్టాలి, కానీ వీడియోలోనే అచ్చు వేయకుండా విడి ఫైలుగా. కావలసిన వాళ్లు ఆన్ చేసుకుంటారు, అక్కర్లేని వాళ్లు ఆపేసుకుంటారు. రెండు నియమాలు ఎదురుబొదురుగా నిలబడినప్పుడు తోవ వెతకడమే డిజైన్. మంచి ప్రోగ్రాంలో ఇలాంటి చిక్కులు వారంవారం ఎదురవుతాయి.

[తెర మీద: లక్ష్యం, పరీక్ష, కార్యకలాపం, బాణాలతో కలిపి]

అసైన్‌మెంట్లలో ఎక్కువ మార్కులు పోయేది అందంగా లేనందుకు కాదు. లక్ష్యానికీ పరీక్షకూ పొంతన కుదరనందుకు. "మంటలార్పే సిలిండర్ల గురించి అర్థం చేసుకుంటారు" అని లక్ష్యం రాస్తే దాన్ని కొలవలేం. "మంట రకాన్ని బట్టి సరైన సిలిండర్‌ను ఎంచుకుంటారు" అని రాస్తే పరీక్ష ఎలా ఉండాలో దానంతటదే తెలుస్తుంది. మంట బొమ్మ చూపించి, ఏది తీస్తారని అడగాలి. సిలిండర్‌లోని భాగాల పేర్లు అడిగితే పొంతన తప్పినట్టే. ముందు లక్ష్యం, తర్వాత పరీక్ష, ఆ తర్వాతే స్లయిడ్లు. ఈ వరస తిరగబడితే చివర్లో అన్నీ మళ్లీ చేయాల్సి వస్తుంది.

డెవలప్‌మెంట్ కోర్సులో స్కార్మ్ ప్యాకేజీ తయారుచేయమంటారు. మీరు చేసిన పాఠం ఏ ఎల్ఎంఎస్‌లోనైనా నడవడానికి కుదిరిన ప్రమాణం అది. అప్‌లోడ్ చేయగానే తప్పని చూపిస్తే, ముందు జిప్ ఫైలు తెరిచి చూడండి. ఐఎంఎస్‌మ్యానిఫెస్ట్ అనే ఎక్స్ఎంఎల్ ఫైలు జిప్‌లో అన్నిటికన్నా పైస్థాయిలో ఉండాలి. ఫోల్డర్‌ను జిప్ చేస్తే అది ఒక మెట్టు లోపలికి వెళ్లిపోతుంది. ఫోల్డర్ తెరిచి, లోపలున్న ఫైళ్లన్నీ ఎంచుకుని జిప్ చేయండి. రెండో ఇబ్బంది: పెద్ద పాఠంలో మధ్యలో ఆపి మళ్లీ వస్తే ఆపిన చోటు గుర్తుండదు. స్కార్మ్ 1.2లో ఆ సమాచారం దాచుకునే చోటు 4,096 అక్షరాలే. ప్రశ్నలు, స్లయిడ్లు పెరిగేకొద్దీ అది నిండిపోతుంది. పాఠాన్ని రెండుగా విడగొట్టండి, లేదా మీ ఎల్ఎంఎస్ ఒప్పుకుంటే స్కార్మ్ 2004లో పబ్లిష్ చేయండి.

సబ్మిట్ చేసేముందు మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్ మీటతో మాత్రమే పాఠం మొత్తం నడిపి చూడండి. ఎక్కడ ఇరుక్కుపోయారో అక్కడ మౌస్ వాడలేని విద్యార్థీ ఇరుక్కుపోతాడు. మామూలు సైజు అక్షరాలకు, వెనకున్న రంగుకు మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5కు 1 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3కు 1. లేత బూడిద రంగు అక్షరాలు తెల్లటి నేపథ్యం మీద ముచ్చటగానే ఉంటాయి, ఈ కొలతకు మాత్రం నిలబడవు.

డిస్కషన్ బోర్డు గురించి రెండు ముక్కలు. మొదటి పోస్టు వారం మధ్యలోపు పెట్టండి. చివరి రోజు పెడితే గ్రేడు వస్తుందేమో గానీ జవాబిచ్చే వాళ్లుండరు. చదివిన వ్యాసంలోని ఒక వాక్యాన్ని పట్టుకుని ఒప్పుకోండి లేదా విభేదించండి.

[తెర మీద: సమ్మతి పత్రం]

చివరి మెట్టు క్యాప్‌స్టోన్. ప్రోగ్రాంను బట్టి అది థీసిస్ కావచ్చు, ప్రాజెక్టు కావచ్చు, పోర్ట్‌ఫోలియో కావచ్చు. మనుషుల నుంచి సమాచారం సేకరించే పరిశోధనైతే ముందుగా నైతిక అనుమతి కమిటీ ఆమోదం కావాలి. దానికి వారాలు పడుతుంది, సవరణలు అడిగితే ఇంకా ఎక్కువ. ఆమోదానికి ముందే సేకరించిన డేటా మామూలుగా పనికిరాదు. పిల్లలతో పరిశోధనైతే తల్లిదండ్రుల సమ్మతితో పాటు పిల్లల ఇష్టం కూడా అడగాలి. మీ తరగతి పిల్లలే అయితే ఇంకో చిక్కు: మార్కులేసే టీచర్‌కు కాదని చెప్పడం ఏ పిల్లాడికైనా కష్టం. సమ్మతి పత్రాలు వేరొకరి చేత తీసుకుని, ఎవరు ఒప్పుకున్నారో మార్కులు ఇచ్చేవరకు మీకు తెలియకుండా ఉండేలా ఏర్పాటు రాస్తే కమిటీకి నమ్మకం కుదురుతుంది. ఇదంతా క్యాప్‌స్టోన్ టర్మ్‌లో మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. అంతకుముందు టర్మ్‌లోనే ప్రతిపాదన రాసి ఉంచుకోండి.

[తెర మీద: పోర్ట్‌ఫోలియోలో ఒక పేజీ]

పోర్ట్‌ఫోలియోలో 20 పనులు అక్కర్లేదు, మంచివి ఐదు చాలు. ఒక్కో పేజీలో సమస్య ఏమిటి, నేర్చుకునే వాళ్లెవరు, మీకున్న పరిమితులేమిటి, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారు, వాడి చూశాక ఏం మార్చారు అన్నవి రాయండి. మొదటి డ్రాఫ్టు కూడా చూపించండి. మీ ఆలోచన ఎలా మారిందో తెలిసేది దానిలోనే. ఉద్యోగంలో భాగంగా చేసిన పనైతే సంస్థ అనుమతి తీసుకోండి. విద్యార్థుల పేర్లు, ముఖాలు కనిపించనివ్వకండి.

ఆ పేజీలు విశ్వవిద్యాలయం ఇచ్చిన అకౌంట్‌లో కట్టకండి. పట్టా వచ్చిన కొంతకాలానికి ఆ అకౌంట్ మూసేస్తే లింకులన్నీ పోతాయి. సొంత డొమైన్‌లో పెట్టుకోండి. ఆథరింగ్ సాఫ్ట్‌వేర్ (పాఠాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) లైసెన్స్ ముగిస్తే మీ సోర్స్ ఫైలు మీరే తెరవలేరు. అది ఉండగానే ప్రతి పాఠాన్నీ వెబ్ ప్యాకేజీగా పబ్లిష్ చేసి, నడుస్తుండగా రెండు నిమిషాల స్క్రీన్ రికార్డింగ్ కూడా తీసి పెట్టుకోండి. చివరి వారంలో ఎల్ఎంఎస్‌లోకి వెళ్లి ప్రొఫెసర్లు రాసిన వ్యాఖ్యలు, మీ డిస్కషన్ పోస్టులు, కోర్సుల సిలబస్‌లు దించుకోండి. ముందు ముందు పీహెచ్‌డీకి దరఖాస్తు చేసినా, క్రెడిట్లు ఇంకో చోటికి బదిలీ చేసుకోవాలన్నా మొదట అడిగేది ఆ సిలబస్‌లే.