ఈ రామారావు ఎవర్రా?

వేదిక మీదున్న పెద్దలకు, మూడో ఏడాది పిల్లలకు నమస్కారం. శాలువా తీసి పక్కన పెడుతున్నాను, ఏమనుకోకండి, ఉక్కగా ఉంది. నా గురించి సార్ చెప్పినదాంట్లో సగం కోసేసుకోండి. మొబైల్ యాప్‌లో శాంపిల్ డేటా, అంటే యాప్ చేసేటప్పుడు చూసుకోడానికి వేసుకునే ఉత్తుత్తి వివరాలు, స్టోరేజీ గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. ముందు మా అత్తయ్య సంగతి వినాలి.

అత్తయ్య ఊళ్ళో పాలకేంద్రం నడుపుతుంది. రెండు పూటలా పాలు కొలిచి రాసుకుని, పదిహేను రోజులకోసారి డబ్బులిస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, నా గొప్ప చూపించుకోవాలని ఆమెకో ఆండ్రాయిడ్ యాప్ చేసిచ్చాను. లోపల రూమ్ వాడాను. ఫోన్లోని ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌తో పని సులువు చెయ్యడానికి గూగుల్ 2017లో తెచ్చిన లైబ్రరీ అది.

స్క్రీన్ ఎలా వస్తోందో చూడాలంటే టేబుల్ ఖాళీగా ఉంటే కుదరదు కదా. అందుకని, ఖాళీగా కనబడితే నాలుగు పేర్లు వేసే కోడ్ రాశాను. రామారావు 5 లీటర్లు, సుబ్బమ్మ 3 లీటర్లు, అలా. అత్తయ్య ఫోన్లో యాప్ ఎక్కించిన రోజు ఆ నాలుగు పేర్లూ చేత్తో చెరిపి అసలు పేర్లు వేశాను. కోడ్ మాత్రం తియ్యలేదు. బద్ధకం.

మూడు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. అప్పుడు "ఫ్యాట్ కూడా రాయాలిరా" అంది. ఒక కాలమ్ కలిపి, డేటాబేస్ వెర్షన్ 1ని 2 చేశాను. రూమ్ ఊరుకోదు. పాత టేబుల్‌ని కొత్త రూపంలోకి ఎలా మార్చాలో రాసివ్వమంటుంది, దాన్నే మైగ్రేషన్ అంటాం. రాయకపోతే యాప్ క్రాష్. విసుగొచ్చి ఒక్క లైను పెట్టాను: ఫాల్‌బ్యాక్ టు డిస్ట్రక్టివ్ మైగ్రేషన్. పేరులోనే డిస్ట్రక్టివ్ అని ఉంది, నేనే చదవలేదు! దారి దొరక్కపోతే పాత టేబుళ్ళు పీకేసి కొత్తవి వేసుకో అని దానర్థం. నా ఫోన్లో నడిపి చూశాను. రామారావు ఉన్నాడు, సుబ్బమ్మ ఉంది. పంపించేశాను.

వెనక బెంచీలో ఫోన్ చూస్తున్న బాబూ, ఈ ఒక్క ముక్క విను. నా ఫోన్లో కూడా డేటా మొత్తం పోయింది! టేబుల్ ఖాళీ అయింది కాబట్టి నా కోడే రామారావుని మళ్ళీ తెచ్చి కూర్చోబెట్టింది. పోయిన సంగతి నా కంట పడకుండా కప్పేసింది నా శాంపిల్ డేటాయే.

మర్నాడు పొద్దున ఆరింటికి ఫోన్. "ఒరేయ్, ఈ రామారావు ఎవర్రా? మన ఊళ్ళో ఆ పేరుతో పాడి ఉన్నవాళ్ళెవరూ లేరే!" ఆ రోజే డబ్బులివ్వాలి. నాకు నోట మాట రాలేదు. ఆమే అంది, "పుస్తకంలో కూడా రాస్తున్నాన్లేరా." నా మీద నమ్మకం లేక కాదట, అలవాటట. పాల మరకలున్న ఆ పుస్తకం ముందు పెట్టుకుని రెండు ఆదివారాలు కూర్చుని అంతా మళ్ళీ ఎక్కించాను.

టైమ్ అయిపోతోందని సార్ వాచీ చూపిస్తున్నారు. అసలు విషయం గబగబా చెప్పేస్తా. శాంపిల్ డేటాని మెమరీలోనే, అంటే ర్యామ్‌లోనే ఉంచండి, డిస్కు మీదికి రానివ్వకండి. రూమ్‌లో ఇన్ మెమరీ డేటాబేస్ బిల్డర్ ఉంది. ఐఫోన్ వాళ్ళకి 2023లో వచ్చిన స్విఫ్ట్‌డేటాలో, అదీ రూమ్ లాంటిదే, ఈజ్ స్టోర్డ్ ఇన్ మెమరీ ఓన్లీ అని ఉంది, కోడ్ రాస్తుండగానే స్క్రీన్ చూపించే ప్రివ్యూలకి దాన్ని ట్రూ చెయ్యండి. యాప్ మూస్తే పోతుంది. పోవాలనే కదా పెట్టుకుంది. పాత వెర్షన్ వేసి, పది ఎంట్రీలు చేత్తో కొట్టి, దాని మీదే కొత్త వెర్షన్ ఎక్కించి చూడండి. మీరంతా అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తారు, నాకు తెలుసు. అలా చేస్తే పాత ఫైలే ఉండదు, ఇక మైగ్రేషన్ దేని మీద నడుస్తుంది? అన్నట్టు, శాంపిల్‌లో ఇద్దరికి ఒకే పేరు పెట్టండి, మీ యాప్ వాళ్ళని కలిపేస్తుందేమో తెలుస్తుంది. మా ఊళ్ళో ముగ్గురు వెంకటేశ్వర్లు పాలు పోస్తారు.

ల్యాప్‌టాప్‌లు తెచ్చారుగా? మీ ప్రాజెక్టు తెరిచి, డిస్ట్రక్టివ్ అన్న మాట వెతకండి. దొరికినవాళ్ళు చేతులెత్తండి. ఏడుగురా... ఎనిమిది. టీ తాగి ఎనిమిది మందీ ఇక్కడికే రండి, మైగ్రేషన్ ఇప్పుడే రాద్దాం.