ఫోన్‌లో పైథాన్: సెటప్ దగ్గరే ఎందుకు ఆగిపోతున్నారు?

అందరికీ నమస్తే.

హనుమకొండలో నయీంనగర్ వైపు వెళ్తే ఏ సందులో చూసినా హాస్టళ్లే. భూపాలపల్లి, ములుగు, నర్సంపేట, పరకాల నుంచి వచ్చి చదువుకునే పిల్లలు. వీళ్లలో చాలామందికి సొంత ల్యాప్‌టాప్ ఉండదు. కాలేజీ ల్యాబ్‌లో సిస్టమ్ ముందు కూర్చునే టైమ్ వారంలో కొన్ని గంటలే. కానీ ఫోన్ మాత్రం చేతిలో ఉంటుంది. ఆ ఫోన్ కూడా కంప్యూటరే. అందులో నిజంగానే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నడుస్తుంది, సీ భాషలో రాసిన ప్రోగ్రామ్ కంపైల్ అవుతుంది, అంటే ఫోన్ నడపగల రూపంలోకి మారుతుంది, కోడ్‌లో మార్పులను లెక్కపెట్టి ఉంచే గిట్ పనిచేస్తుంది. మరి ఇంతమంది ఉత్సాహంగా మొదలుపెట్టి, మొదటి ప్రోగ్రామ్ రాయకముందే ఎందుకు వదిలేస్తున్నారు? ఈ వీడియో దాని గురించే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సెటప్ బరువు నేర్చుకునేవాళ్ల నెత్తిన పెట్టకూడదు. నేర్పేవాళ్లే మోయాలి. వీడియోల్లో "ఈ కమాండ్ కొట్టండి, ఎంటర్ నొక్కండి, అయిపోయింది" అంటాం. మన ఫోన్‌లో అయిపోతుంది. అవతలివాళ్ల ఫోన్‌లో మధ్యలో ఆగి, ఇంగ్లిష్‌లో ఏదో అడుగుతుంది. టెన్త్ దాకా తెలుగు మీడియంలో చదివిన అమ్మాయి అక్కడ ఏం చేయాలి? నాకు ప్రోగ్రామింగ్ రాదేమో అనుకుని పక్కన పెట్టేస్తుంది. అసలు ప్రోగ్రామింగ్ ఇంకా మొదలే కాలేదు కదా!

మనం వాడబోయే యాప్ పేరు టర్మక్స్. ఇది టెర్మినల్, అంటే కమాండ్లు టైప్ చేసి ఫోన్‌తో పని చేయించే యాప్. 2015లో ఫ్రెడ్రిక్ ఫార్న్‌వాల్ అనే ప్రోగ్రామర్ మొదలుపెట్టాడు. ఉచితం, ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు. ఆండ్రాయిడ్ అడుగున ఉండేది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, అంటే దాని కెర్నలే. అందుకని లినక్స్‌లో వాడే ప్రోగ్రాములను ఆండ్రాయిడ్‌కు సరిపడేలా తయారుచేసి, ఫోన్‌ని రూట్ చేయాల్సిన (సిస్టమ్ తాళాలు తీసేయాల్సిన) పని లేకుండా ఇందులో అందిస్తారు. తెరిస్తే నల్లటి స్క్రీన్, ఒక డాలర్ గుర్తు, పక్కన మెరుస్తూ కర్సర్. అంతే.

మొదటి చిక్కు ఇక్కడికి రాకముందే ఉంది. ఎవరైనా ముందు ప్లే స్టోర్‌లోనే వెతుకుతారు. అయితే ఆండ్రాయిడ్ 10తో ఒక భద్రతా నియమం వచ్చింది. యాప్ తన సొంత ఫోల్డర్‌లోకి దించుకున్న ప్రోగ్రామును నేరుగా నడపకూడదు. టర్మక్స్ చేసే పనే అది. దాంతో 2020 తర్వాత ప్లే స్టోర్‌లో దాని అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆ తర్వాత అక్కడ మళ్లీ వేరే బిల్డ్ పెట్టారు గానీ, దానికీ అసలుదానికీ తేడాలున్నాయి. టర్మక్స్ తయారుచేసేవాళ్లు చెప్పేది ఎఫ్‌డ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ యాప్ స్టోర్ నుంచో, కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైట్ నుంచో దించుకోమని. నా మాట కూడా అదే. ఎఫ్‌డ్రాయిడ్ సైట్‌లో టర్మక్స్ పేజీకి వెళ్తే ఏపీకే, అంటే యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్, నేరుగా దొరుకుతుంది. దానికోసం ఎఫ్‌డ్రాయిడ్ యాప్ వేసుకోనక్కర్లేదు. ఒకసారి ఎక్కడి నుంచి వేసుకున్నారో, దాని తోడు యాప్‌లు కూడా అక్కడి నుంచే వేసుకోండి. రెండు చోట్లా యాప్ మీద వేసే డిజిటల్ సంతకం వేరు, కలిపితే ఇన్‌స్టాల్ కాదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. బయటి నుంచి ఏపీకే అనగానే ఇంట్లో నాన్న వద్దంటాడు. వద్దనడం న్యాయమే. ట్రాఫిక్ చలానా అని, బ్యాంకు కేవైసీ అని వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే నొక్కి డబ్బులు పోగొట్టుకున్నవాళ్లు మన మధ్యే ఉన్నారు. అందుకే ఈ ఫైల్ ఎవరైనా వాట్సాప్‌లో పంపితే తీసుకోవద్దు, సైట్ అడ్రస్ మీరే టైప్ చేసి వెళ్లండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు బ్రౌజర్‌కి ఒక పర్మిషన్ అడుగుతుంది, తెలియని యాప్‌లు వేయనివ్వాలా అని. ఇవ్వండి, పని కాగానే సెట్టింగ్స్‌లోకి వెళ్లి మళ్లీ తీసేయండి. ఈ చివరి ముక్క సెటప్ వీడియోల్లో చాలామంది చెప్పరు. కొత్తవాళ్లకు ముందు చెప్పాల్సింది ఇదే. పాత ఆండ్రాయిడ్ కోసం చేసిన యాప్ అనే హెచ్చరిక కూడా రావచ్చు. ఇందాక చెప్పిన నియమం అడ్డు రాకుండా టర్మక్స్ కావాలనే పాత వెర్షన్‌కు కట్టుబడి ఉంది, ఆ హెచ్చరిక దానివల్లే.

ఇప్పుడు అసలు గండం. యాప్ తెరిచాం, మొదటి కమాండ్ కొట్టాం. స్క్రీన్ మీద చూడండి: పీకేజీ, ఖాళీ, అప్‌గ్రేడ్. గబగబా లైన్లు పరుగెడతాయి. ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఓపెన్ఎస్ఎస్ఎల్ డాట్ సీఎన్ఎఫ్ అనే ఫైల్ పేరు, దాని పక్కన బ్రాకెట్‌లో ఆరు అక్షరాలు: వై, ఐ, ఎన్, ఓ, డీ, జడ్. చివర ప్రశ్నార్థకం. ఫోన్లో నన్ను ఎక్కువగా అడిగేది ఈ చోటు గురించే. "అన్నా, ఏదో అడుగుతుంది, ఏం నొక్కాలె?"

అది అడిగేది చాలా చిన్న సంగతి. ఒక సెట్టింగ్స్ ఫైల్ మీ ఫోన్‌లో ఉంది, కొత్త ప్యాకేజీతో (ఒక ప్రోగ్రామ్ ఫైళ్ల మూటతో) పాటు దాని కొత్త కాపీ వచ్చింది, ఏది ఉంచమంటారు అని. వై నొక్కినా ఐ నొక్కినా కొత్తది వస్తుంది. ఎన్ నొక్కినా ఓ నొక్కినా పాతది ఉంటుంది. ఏ అక్షరమూ లేకుండా ఎంటర్ కొడితే కూడా పాతదే ఉంటుంది. మీరు ఆ ఫైల్‌ని ముట్టుకోనే లేదు కాబట్టి ఏది నొక్కినా నష్టం లేదు. కానీ డీ నొక్కితే రెండు ఫైళ్లకీ తేడాలు చూపిస్తుంది, ఆ తెర నుంచి బయటికి రావాలంటే క్యూ నొక్కాలని ఎవరూ చెప్పరు. జడ్ నొక్కితే మళ్లీ డాలర్ గుర్తు కనిపిస్తుంది. అప్‌గ్రేడ్ అయిపోయిందనుకుంటారు, నిజానికి సగంలో ఉంటుంది. అక్కడ ఎగ్జిట్ అని కొడితే గానీ మళ్లీ ప్రశ్న దగ్గరికి రారు. చూడండి, ఆ ఫైల్ ఏమిటో కూడా తెలియని మనిషిని మొదటి రోజే, మొదటి కమాండ్‌కే ఈ ప్రశ్న అడుగుతున్నాం. దీనికి జవాబు మనమే ముందుగా రాసిపెట్టవచ్చు. ప్యాకేజీలు వేసే ఆప్ట్ కమాండ్‌కి ఒక ఆప్షన్ ఇస్తే, ఇలాంటి చోట కొత్త ఫైలే తీసుకుని అడగకుండా ముందుకు వెళ్తుంది. ఆ ఆప్షన్ పేరు ఫోర్స్ కాన్ఫ్‌న్యూ. కొత్తగా వేసుకున్న టర్మక్స్‌లో ఇది వాడడం క్షేమమే. ఎప్పటి నుంచో వాడుతూ సెట్టింగ్స్ మార్చుకున్నవాళ్లు మాత్రం వాడొద్దు, మార్పులు పోతాయి.

అప్‌గ్రేడ్ ఎందుకు, పైథాన్ ఒక్కటి వేసుకుంటే చాలదా అని కొందరు అడుగుతారు. మన దగ్గర కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు ఉన్నాయి కదా. పై చెరువు నిండి మత్తడి దూకితేనే కింది చెరువుకు నీళ్లు. ప్యాకేజీలూ అంతే. పైథాన్ అని ఒక్క మాట కొడతాం, దాని వెనక ఓపెన్ఎస్ఎస్ఎల్, ఎస్‌క్యూలైట్, రీడ్‌లైన్ లాంటివి వరసగా ఉంటాయి. వాటిలో కొన్ని కొత్తవి, కొన్ని పాతవి అయితే పైథాన్ తెరుచుకోనే తెరుచుకోదు. కెనాట్ లింక్ ఎగ్జిక్యూటబుల్ అని, ఫలానా లైబ్రరీ దొరకలేదని ఎర్రర్ వస్తుంది. మందు ఒక్కటే, మొత్తం అప్‌గ్రేడ్ చేయడం. అందుకే అది ముందే చేయించాలి.

ఇవన్నీ చూశాక నేను ఒక చిన్న స్క్రిప్ట్, అంటే వరసగా నడిచే కమాండ్ల ఫైల్, రాశాను. దాని లింక్ కింద ఇచ్చాను. అది ఏం చేస్తుందో చెబుతాను, మీలో నేర్పేవాళ్లు ఉంటే మీకు నచ్చినట్టు మార్చి వాడుకోండి.

మొట్టమొదట ఫోన్‌లో ఖాళీ చూస్తుంది. తక్కువ ఉంటే ఏదీ దించకుండానే, కొంచెం ఖాళీ చేసి రమ్మని చెప్పి ఆగిపోతుంది. సగం డేటా అయ్యాక స్టోరేజ్ ఫుల్ అనడం కంటే ఇది నయం. తర్వాత, ఇంతకుముందు సగంలో ఆగిన ఇన్‌స్టాల్ ఏదైనా ఉంటే దాన్ని పూర్తి చేస్తుంది. హాస్టల్‌లో నెట్ పోవడం, చార్జింగ్ అయిపోవడం మామూలే. అలా తెగినప్పుడు ప్యాకేజీలు అమర్చే డీపీకేజీ అలిగి కూర్చుంటుంది, కాన్ఫిగర్ అని ఒక కమాండ్ ఇస్తే మళ్లీ దారికొస్తుంది. ఆ కమాండ్ పిల్లలకు గుర్తుండాల్సిన పని లేదు, స్క్రిప్ట్‌లో ఉంటే చాలు. ఆ తర్వాత అప్‌గ్రేడ్, దాని తర్వాత పైథాన్, కోడ్ రాసుకునే నానో ఎడిటర్.

డేటా గురించి కూడా ఆలోచించాను. పైథాన్‌తో పాటు సిఫారసు ప్యాకేజీలు అని మరికొన్ని వస్తాయి. పైథాన్ లైబ్రరీలు దించే పిప్, దాని వెనక క్లాంగ్ కంపైలర్. కంపైలర్ చిన్నదేం కాదు. మొదటి వారం ఇఫ్, ఫర్, ఫంక్షన్లు నేర్చుకునేవాళ్లకు అది అక్కర్లేదు. అందుకే సిఫారసులు వద్దనే ఆప్షన్ పెట్టాను. పిప్ కావాల్సినప్పుడు ఇంకో కమాండ్‌తో వస్తుంది. లెక్కలకు వాడే నమ్‌పై లైబ్రరీ కావాలంటే మాత్రం పిప్ జోలికి పోకుండా టర్మక్స్‌లోనే తయారుగా ఉన్న పైథాన్ నమ్‌పై ప్యాకేజీ వేసుకోండి. పిప్‌తో అయితే ఫోన్‌లోనే కంపైల్ చేయబోయి ఎర్రర్ల వరద వస్తుంది.

చివర్లో స్క్రిప్ట్ తనంతట తానే ఒక లైన్ పైథాన్ నడిపి చూస్తుంది. రెండూ రెండూ కలిపి నాలుగు అని స్క్రీన్ మీద వస్తేనే, పని అయింది అని చెబుతుంది. ఎక్కడైనా ఆగితే ఏ అడుగులో ఆగిందో తెలుగులో చెప్పి, వివరాలన్నీ ఒక ఫైల్‌లో దాస్తుంది. మళ్లీ అదే స్క్రిప్ట్ నడిపితే అయినవి వదిలేసి, కానివి చేస్తుంది. ఎన్నిసార్లు నడిపినా ఏదీ చెడిపోదు. కొత్తవాళ్లకు ఈ ధైర్యం ఇవ్వడం నాకు అన్నిటికంటే ముఖ్యం.

తెలుగులో చెప్పించడం అనుకున్నంత సులువు కాదు. టెర్మినల్ ప్రతి అక్షరానికీ ఒక గడి లెక్క వేసుకుంటుంది. తెలుగులో హల్లు, దాని కింద ఒత్తు, పైన గుణింతం అన్నీ కలిస్తేనే ఒక అక్షరం. ఆ లెక్క కుదరక ఒత్తులున్న చోట వరస చెదిరిపోతుంది. అందుకని వీలైనంత వరకు ఒత్తులు లేని మాటలు ఏరుకున్నాను. ఇన్‌స్టలేషన్ పూర్తయింది అనే చోట పని అయింది అని, దయచేసి నిరీక్షించండి అనే చోట ఇంకాసేపు ఆగండి అని. మాటలు చిన్నవయ్యాయి, ఇంట్లో మాట్లాడుకున్నట్టుగా కూడా ఉన్నాయి. ఫోన్ చేత తెలుగులో పలికించే దారి కూడా ఉంది గానీ, దానికి టర్మక్స్ ఏపీఐ అని ఇంకో యాప్ కావాలి. సెటప్ తగ్గిద్దామని మొదలుపెట్టి మరో యాప్ వేయించడం నాకు ఇష్టం లేకపోయింది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. నెట్‌లో దొరికిన స్క్రిప్ట్‌ని దించీ దించగానే నడిపించే కమాండ్లు చాలా చోట్ల ఇస్తుంటారు. నేను ఆ పద్ధతి నేర్పను. ముందు దించుకోండి, తెరిచి చదవండి, తర్వాతే నడపండి. నా స్క్రిప్ట్‌ని కూడా అలాగే చదవండి. ప్రతి కమాండ్ పైన అది ఎందుకో తెలుగులో రాశాను. అర్థం కాని లైన్ ఉంటే నడపకుండా నన్ను అడగండి. స్టోరేజ్ పర్మిషన్ కూడా నా స్క్రిప్ట్ అడగదు. మీ ప్రోగ్రాములు టర్మక్స్ సొంత ఫోల్డర్‌లో ఉంటాయి, ఫోటోలతో దానికి పనేముంది?

మిగతా రెండు సంగతులు త్వరగా చెప్పేస్తాను. ఆండ్రాయిడ్ 12 నుంచి యాప్‌లు వెనకాల నడిపే ప్రాసెస్‌ల మీద పరిమితి వచ్చింది, ఫోన్ మొత్తానికి 32. దాటితే సిస్టమ్ కొన్నిటిని ఆపేస్తుంది. టర్మక్స్‌లో సిగ్నల్ 9 అని కనిపిస్తే కారణం సాధారణంగా అదే, మీ ప్రోగ్రామ్‌లో తప్పు కాదు. ఆండ్రాయిడ్ 14లో డెవలపర్ ఆప్షన్స్‌లో చైల్డ్ ప్రాసెస్ పరిమితి తీసేసే స్విచ్ ఉంది. రెండోది, నోట్స్ పీడీఎఫ్ నుంచి, వర్డ్ ఫైల్ నుంచి కోడ్ కాపీ చేయకండి. వాటిలో కొటేషన్ గుర్తులు వంకరగా ఉంటాయి, పైథాన్ వాటిని ఒప్పుకోదు, ఇన్‌వాలిడ్ క్యారెక్టర్ అంటుంది. చేత్తో టైప్ చేయండి. కంట్రోల్, ట్యాబ్, బాణం కీలు కీబోర్డ్ పైన వరసలోనే ఉన్నాయి.

టర్మక్స్ నచ్చకపోతే మామూలు యాప్ లాగే అన్‌ఇన్‌స్టాల్ చేస్తే లోపల ఉన్నవన్నీ పోతాయి, మీ ప్రోగ్రాములు కూడా. కాబట్టి తీసే ముందు వాటిని ఎక్కడైనా దాచుకోండి.

స్క్రిప్ట్ నడిపి ఎక్కడైనా ఆగిపోతే కింద కామెంట్ పెట్టండి. ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, స్క్రిప్ట్ చెప్పిన చివరి లైన్, ఈ మూడూ రాయండి. స్క్రిప్ట్ వివరాలు దాచిన ఫైల్ పంపాలనుకుంటే, అందులో మీ నంబర్, పాస్‌వర్డ్ లాంటివి ఏమీ ఉండవు, అయినా పంపే ముందు ఒకసారి తెరిచి చూసుకోండి. మీరు ఆగిన చోటును స్క్రిప్ట్‌లో సరిచేసి మళ్లీ పెడతాను. వచ్చే వీడియోలో నానోలో ఫైల్ తెరిచి, సేవ్ చేసి, నడపడం చూద్దాం. ఉంటాను మరి.