కొట్టులో వైఫై పెడితే గిట్టుతుందా? (ఫోన్-ఇన్)

యాంకర్: పర్లాకిమిడి నుంచి కాల్. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం సార్. బస్టాండు దగ్గర టీ కొట్టు మాది. కొట్లలో జనానికి వైఫై అమ్ముకునే కేంద్రం పథకం పీఎం-వాణి ఉందట, అది పెడితే నాలుగు డబ్బులొస్తాయా? మావాడేమో 5జీ వచ్చింది, వైఫై పనైపోయిందంటాడు. లైసెన్సు కావాలేటి? కరెంటు పోతే మరి...

నిపుణుడు: ఒక్కొక్కటీ చూద్దాం తల్లీ. లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ ఫీజూ లేదు. 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పద్ధతిది. మీరు పీడీఓ, అంటే వైఫై అమ్మే కొట్టు అవుతారు. ఇలాంటి కొట్లను కలిపి నడిపే పీడీఓఏ అనే కంపెనీలో చేరితే ఓటీపీ, లాగిన్, లెక్కలు వాళ్లే చూస్తారు. ఇంటి వైఫై పాస్‌వర్డ్ మాత్రం అమ్మొద్దు. ఎవడు తప్పుడు పని చేసినా పోలీసులు ముందు మీ గుమ్మంలోకే వస్తారు.

కాలర్: 5జీ మాట?

నిపుణుడు: ఒక టవర్ వేగాన్ని చుట్టూ ఉన్నవాళ్లంతా పంచుకోవాలి. 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర నడిచే 5జీ గోడలు దాటేసరికి నీరసపడుతుంది. అక్కడ వైఫై ఆదుకుంటుంది, టవర్ మీద బరువూ తగ్గుతుంది. రెండూ ఉంటాయి. ఆదాయం మాత్రం కొద్దిగానే. ఆ రోజు డేటా అయిపోయినవాళ్లే మీ గిరాకీ. అందుకే నెల ఖర్చు ముందు చూసుకోండి. 200 ఎంబీపీఎస్ వేగం వరకు ఫైబర్ నెట్‌కి కంపెనీలు పీడీఓల దగ్గర ఇంటి ప్లాన్‌కి రెండింతలు మించి తీసుకోకూడదని 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పింది. ఎక్కువడిగితే ఆ మాట చెప్పండి.

కాలర్: వైఫై పెట్టె పొయ్యి పక్కనే పెట్టేస్తాం...

నిపుణుడు: వద్దమ్మా! ఆవిరికీ, నూనె జిడ్డుకీ పాడవుతుంది. రేకు సిగ్నల్‌ని ఆపేస్తుంది. బయటి రకం పెట్టె కొని, చూరు బయట మూడు మీటర్ల ఎత్తున బిగించండి. పెట్టెకి కరెంటు కూడా కేబుల్‌లోనే వెళ్తుంది, అందుకే అసలు రాగిదే కొనండి. రాగి పూత అల్యూమినియం తీగైతే పొడవు పెరిగేకొద్దీ వోల్టేజి పడిపోయి పెట్టె ఆగి ఆగి ఆన్ అవుతుంది. కరెంటు పోతే ఆదుకునే బ్యాకప్ అంటారా, అది ఫైబర్ పెట్టెకూ, వైఫై పెట్టెకూ రెండింటికీ ఉండాలి. ఒకదానికే పెట్టి నెట్ రాలేదనేవాళ్లే ఎక్కువ.

కాలర్: అయితే లైసెన్సు అక్కర్లేదంటారు?

నిపుణుడు: అక్కర్లేదు తల్లీ. పాస్‌వర్డ్ మాత్రం అమ్మొద్దు.

యాంకర్: థాంక్సమ్మా. గుణుపూర్.

కాలర్: ఇంట్లో టవర్ రాదు సార్, వైఫై ఉంది.

నిపుణుడు: సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చెయ్యండి. మాట తెగుతుంటే రౌటర్‌ని బీరువా పక్కనుంచి తీసి మధ్య గదిలో పెట్టండి.

యాంకర్: రాయగడ, త్వరగా.

కాలర్: కొండవతల ఊరికి రెండు కిలోమీటర్లు. వైఫైతో నెట్ లాగొచ్చా సార్?

నిపుణుడు: 5 గిగాహెర్ట్జ్ డిష్‌లు ఎదురెదురుగా కట్టండి. మధ్యలో చెట్టు కూడా అడ్డం రాకూడదు. కొండుంటే శిఖరం మీద ఇంకో జత, దానికి సోలార్, ఎర్తింగ్. పిడుగుల కాలంలో ఎర్తింగ్ లేకపోతే...

యాంకర్: సార్, టైమైపోయింది. నమస్కారం.