మందస కొండల్లో గాలివాన: పడిన జీడిచెట్లను చూస్తే ఏం తెలుస్తుంది?

[దృశ్యం: మట్టిరోడ్డుకు అడ్డంగా పడిన జీడిచెట్టు. వెనకాల మహేంద్రగిరి.]

శ్రీకాకుళం జిల్లా మందస మండలం. సవర గూడేలకు ఎక్కే దారి ఇది. బండి ఇక్కడితో సరి, ఇక నడకే. జీడిపిక్కలు ఏరుకునే రోజులు కదా, సరిగ్గా ఇప్పుడే సాయంత్రం పూట గాలివాన వచ్చి తోటల్ని పడగొట్టి పోయింది.

[క్లోజప్: పెకలించుకుపోయిన వేళ్లు.]

ఈ మొదలు చూడండి. వేళ్లన్నీ చాపలా పక్కలకే పరుచుకున్నాయి. కింద రాయి తగిలితే తల్లివేరు మాత్రం ఎంతకని దిగుతుంది? పైన కొమ్మలేమో గుబురుగా, నేలకు వాలి ఉంటాయి. గాలికి ఇంకేం కావాలి!

"తాతా, గాలి ఎటునుంచి వచ్చింది?" అని ఇక్కడో పెద్దాయన్ని అడిగాను. "పక్కనుంచి రానేదు బాబూ, మీదనుంచి పడిపోనాది" అన్నాడు. జరిగింది అచ్చంగా అదే.

[బొమ్మ: మేఘం లోపల గాలి కదలిక.]

మార్చి నుంచి మే దాకా నేల బాగా కాగుతుంది. సముద్రం మీది తేమగాలి కొండవాలు ఎక్కి మధ్యాహ్నానికి నిలువెత్తు మేఘం కడుతుంది. అందులోంచి పడే చినుకులు దారిలో కొంత ఆవిరైపోతాయి. ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాగేసుకుంటాయి. చల్లబడిన గాలి బరువెక్కి ధబీమని నేలకు దిగుతుంది. నేల తగిలాక పోవడానికి దారి లేక నలువైపులా చిమ్ముతుంది. వానకు ముందు ఒక్కసారిగా చల్లగా కొట్టే గాలి ఇదే. ఇది 4 కిలోమీటర్ల లోపు మేరకే పడితే మైక్రోబర్స్ట్ అంటారు. అందుకే ఒక ఊరి తోట పోయి, పక్క ఊళ్లో ఆకు కూడా రాలకపోవచ్చు.

[దృశ్యం: డ్రోన్ నుంచి తోట.]

పైనుంచి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. చెట్లు ఒకచోటి నుంచి విడిపోయినట్టు తలో దిక్కుకీ పడ్డాయి. తుపానుకు ఇలా ఉండదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఇదే జిల్లాలో, పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానం జీడి, కొబ్బరి తోటలు పడిపోయాయి. తుపాను గాలి పెద్ద ప్రాంతమంతటా గంటల తరబడి కొడుతుంది, ఒక్కో ఊళ్లో చెట్లు చాలావరకు ఒకే వాలున పడతాయి. పైగా దానికి రోజుల ముందే హెచ్చరిక ఉంటుంది. ఈ గాలివానకు ఫోన్లో మెసేజ్ వచ్చినా గంటో రెండు గంటలో టైముంటుంది, కొండమీద సిగ్నల్ ఉంటే!

ఒరిగిన లేత చెట్లయితే వదిలెయ్యకండి. వేరు ఎండకముందే, నేల తడిగా ఉన్నప్పుడే నిలబెట్టి, మొదట్లో మట్టి ఎగదోసి, ఊతకర్ర కట్టాలి. విరిగిన కొమ్మను చీలిక లేకుండా కోసి, కోసినచోట బోర్డో పేస్ట్ (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయాలి. ముదురు చెట్టు పూర్తిగా పెకలిపోతే మాత్రం ఆశ వదులుకోవాల్సిందే. కొత్త అంటు నాటినా మూడో ఏడు నుంచి కాస్త కాపు, బాగా కాయడానికి ఇంకా కొన్నేళ్లు.

నష్టపరిహారం సంగతి చూద్దాం. పంట నష్టం 33 శాతం దాటితేనే లెక్కలోకి వస్తుంది. కొండపోడులో పట్టా లేని చెట్లకైతే ఆ లెక్కలోకి రావడమే కష్టం. అటవీ హక్కుల చట్టం 2006లోనే వచ్చింది, దాని కింద పట్టా ఉంటే ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. చెట్టు కొట్టి కట్టెలు చేసే ముందే, వేళ్లు కనబడేలా, పక్కన మనిషి నిలబడి ఫోటో తీయించుకోండి. ఎన్యుమరేషన్‌కు, అంటే నష్టం లెక్క రాసుకోడానికి వచ్చేవాళ్లు కొండ ఎక్కేసరికి దారి మీద చెట్లుండవు.